42 థిన్ క్లయింట్లలో రోజూ ఇరవై పైనే నెట్‌వర్క్ బూట్ కావడం లేదు, స్విచ్ మార్చినప్పటి నుంచి

ల్యాబ్_బాధ్యుడు | సోమవారం, ఉదయం 11.10

అందరికీ నమస్కారం. ఒక శిక్షణ ల్యాబ్ చూసుకుంటాను. మొత్తం 42 థిన్ క్లయింట్లు, అంటే సర్వర్ మీద ఆధారపడే చిన్న కంప్యూటర్లు. దేనిలోనూ డిస్క్ లేదు, అన్నీ ఎల్‌టీఎస్‌పీ (నెట్‌వర్క్ మీదుగా లైనక్స్ అందించే సాఫ్ట్‌వేర్) సర్వర్ నుంచే లేస్తాయి. మెషిన్లకు అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ, బూట్ ఫైలు పంపే టీఎఫ్‌టీపీ రెండు పనులూ ఆ సర్వర్ మీదున్న డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామే చేస్తుంది. బూట్ ఫైలు అన్‌డీఐఓన్లీ.కేపీఎక్స్ఈ (ఐపీఎక్స్ఈ అనే నెట్‌వర్క్ బూట్ ప్రోగ్రామ్‌లో ఒక రకం). మొన్న శనివారం పాత స్విచ్ తీసి మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) పెట్టాం. ఆ రోజు నుంచి ఉదయం ల్యాబ్ తెరవగానే ఇరవై పైన మెషిన్లు మొరాయిస్తున్నాయి. చాలావాటి మీద పీఎక్స్ఈ-ఈ51 అనే నెట్‌వర్క్ బూట్ ఎర్రరు వస్తోంది. కొన్నింటి మీద ఏ ఎర్రరూ రాకుండానే మళ్లీ బూట్ మెనూకి వెళ్లిపోతోంది. ఒక్కోటి దగ్గరికెళ్లి మళ్లీ ప్రయత్నిస్తే కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు. క్లాసు మొదలయ్యేసరికి గంట పోతోంది, పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు. కేబుళ్లు మార్చాను, సర్వర్ రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. స్విచ్ పాడైందా? వెనక్కి ఇచ్చేయమంటారా?

బూట్‌బుల్లోడు | సోమవారం, ఉదయం 11.32

అన్నా, ఇంత తలనొప్పి ఎందుకు, సర్వర్ మొత్తం ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేసేయండి. మాకు ఒకసారి అలాగే పోయింది.

పాతకాపు | సోమవారం, మధ్యాహ్నం 12.05

తమ్ముడూ, వద్దు. 42లో సగం లేస్తున్నాయంటే సర్వర్ బతికే ఉంది. నాడి చూడకుండా మందు వేస్తే ఉన్న రోగం పోదు, కొత్తది వస్తుంది.

ల్యాబ్ బాధ్యుడు గారూ, స్విచ్ వెనక్కి ఇవ్వకండి, ఇంకేమీ మార్చకండి. తెర మీద వచ్చే నంబరే బూట్ ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో చెబుతుంది. ఈ61 అంటే లింకే లేదు, కేబులో పోర్టో చూడాలి. ఈ51 అంటే డీహెచ్‌సీపీకి అడిగితే ఎవరూ పలకలేదు. ఈ53 అంటే అడ్రస్ ఇచ్చారు గానీ బూట్ ఫైలు పేరు ఇవ్వలేదు, ఇది వస్తే ఎవరో ఇంట్లో వాడే రూటర్ తెచ్చి అదే నెట్‌వర్క్‌కి తగిలించారేమోనని మొదట అనుమానించాలి. ఈ32 అంటే ఫైలు పేరు కూడా తెలిసింది, టీఎఫ్‌టీపీ సర్వర్ పలకడం లేదు. మీకు ఈ51 వస్తోంది కాబట్టి ఆ మెషిన్ల వరకు టీఎఫ్‌టీపీ జోలికి వెళ్లక్కర్లేదు.

నాకు కావాల్సింది ఇది. రేపు ఉదయం కాగితం పట్టుకుని ఏ సీటు మెషిన్ ఏం చూపించిందో, ఏ మోడలో, రెండోసారికి లేచిందో లేదో రాయండి. "ఇరవై పైన" అంటే చాలదు. రోజూ అవే మెషిన్లా, మారుతున్నాయా? అది తెలిస్తే సగం పని అయినట్టే.

ప్యాకెట్_పిట్ట | సోమవారం, మధ్యాహ్నం 12.40

పాతకాపు గారు చెప్పినదానికి తోడు ఒకటి. రేపు మెషిన్లు ఆన్ చేసే ముందే సర్వర్‌లో ప్యాకెట్లను పట్టే టీసీపీడంప్ పెట్టి యూడీపీ 67, 68 (డీహెచ్‌సీపీవి), 69 (టీఎఫ్‌టీపీది) పోర్టులు ఫైలులోకి పట్టండి. తర్వాత దాన్ని చదివి చూపే వైర్‌షార్క్‌లో తెరుద్దాం. క్లయింట్ అడిగింది సర్వర్ దాకా వచ్చిందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే స్విచ్ తప్పో సర్వర్ తప్పో తేలిపోతుంది. డీఎన్ఎస్‌మాస్క్‌లో డీహెచ్‌సీపీ లాగ్ కూడా ఆన్ చేసి ఉంచండి.

ల్యాబ్_బాధ్యుడు | మంగళవారం, ఉదయం 10.55

రాశాను. నిజం చెప్పాలంటే రాస్తుంటేనే కళ్లు తెరుచుకున్నాయి.

పాత మోడల్ మెషిన్లు 24. ఇవి ఎక్కువగా లేచాయి. కానీ ఇంతకుముందు ఆన్ చేయగానే అడ్రస్ వచ్చేది, ఇప్పుడు తెర మీద చుక్కలు అర నిమిషం పడుతూ పడుతూ అప్పుడు వస్తోంది. రెండో మోడల్ 15. ఈ పదిహేనూ మొదటిసారి ఈ51తో ఆగిపోయాయి, ఒక్కటి కూడా మినహాయింపు లేదు. "కీ నొక్కండి" అని వచ్చినప్పుడు నొక్కితే వెంటనే లేచాయి. కొత్తగా తెచ్చినవి 3. ఇవి ఎన్నిసార్లు ప్రయత్నించినా లేవవు. వీటికి ఈ51 రాదు, "ఎన్‌బీపీ ఫైలు విజయవంతంగా డౌన్‌లోడ్ అయింది" (ఎన్‌బీపీ అంటే బూట్ ఫైలే) అని వచ్చి మళ్లీ బూట్ మెనూ. ఇవి కాక చివర్లో ఆన్ చేసిన నాలుగైదు మెషిన్లు, మోడల్‌తో సంబంధం లేదు, కీ ఎన్నిసార్లు నొక్కినా ఈ51. నిన్న ఇవి వేరే సీట్లలోవి.

ఇంకో అనుమానం. లాగ్‌లో ప్రతి మెషిన్‌కీ "టీఎఫ్‌టీపీ అబార్టెడ్" అని ఒక లైను కనిపిస్తోంది. అసలు దొంగ ఇదేనా?

ప్యాకెట్_పిట్ట | మంగళవారం, ఉదయం 11.20

ఆ అబార్టెడ్ లైను చూసి కంగారు పడకండి. బూట్ రోమ్ (మెషిన్‌లోనే ఉండే నెట్‌వర్క్ బూట్ ప్రోగ్రామ్) మొదట ఫైలు సైజు ఎంతో తెలుసుకోవడానికి ఒకసారి అడుగుతుంది, సైజు తెలియగానే ఆ బదిలీని తనే ఆపేస్తుంది, తర్వాత అదే ఫైలు మళ్లీ మొదటి నుంచి అడుగుతుంది. ఆపేసినప్పుడు పడే లైను అది. దాని కింద అదే ఫైలు పూర్తిగా పంపినట్టు ఇంకో లైను ఉంటే అంతా బాగున్నట్టే. ఈ లైను పట్టుకుని రోజులు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

పాతకాపు | మంగళవారం, ఉదయం 11.48

చక్కగా రాశారు. ఈ కాగితం చూస్తే మీ దగ్గర ఉన్నది ఒక రోగం కాదు, మూడు. ఒకే రోజు బయటపడ్డాయి కాబట్టి ఒకటే అనిపిస్తోంది. విడివిడిగా పట్టుకుందాం.

మొదటిది ఆ పదిహేను. కొత్త స్విచ్‌లో స్పానింగ్ ట్రీ అనే లూప్‌లను అడ్డుకునే ఏర్పాటు నడుస్తుంటుంది. మెషిన్ ఆన్ అయి లింకు రాగానే పోర్టు వెంటనే ప్యాకెట్లు వదలదు. ఎక్కడైనా లూప్ (ప్యాకెట్లు అంతు లేకుండా చుట్టూ తిరిగే దారి) ఉందేమోనని 15 సెకన్లు వింటుంది, మరో 15 సెకన్లు నేర్చుకుంటుంది, ఆ తర్వాతే దారి తెరుస్తుంది. ఈ 30 సెకన్లలో క్లయింట్ ఎంత అరిచినా సర్వర్‌కి వినపడదు. పీఎక్స్ఈ ప్రమాణం ప్రకారం బూట్ రోమ్ 4, 8, 16, 32 సెకన్ల చొప్పున ఆగుతూ నాలుగుసార్లు అడగాలి. అంటే మొదటి క్షణం, 4వ సెకను, 12వ సెకను, 28వ సెకను. ఈ నాలుగో కేక వేసేసరికి, రోమ్ మొదలవకముందే లింకు వచ్చిన ఆ రెండు మూడు సెకన్లు కూడా కలిసి, పోర్టు తెరుచుకుంటుంది. మీ పాత మోడల్ అర నిమిషం చుక్కలు వేసి గట్టెక్కుతున్నది అందుకే. రెండో మోడల్ రోమ్‌కి అంత ఓపిక లేదు, మూడోసారికే చేతులెత్తేస్తోందని నా అనుమానం. కీ నొక్కితే లేస్తోందంటే లింకు పడిపోకుండా మళ్లీ అడుగుతోంది, ఆపాటికి పోర్టు తెరిచే ఉంది.

స్విచ్‌లో ఏమీ ముట్టుకోకుండా నిర్ధారించుకోండి. ఏ సెట్టింగులూ లేని చిన్న ఐదు పోర్టుల స్విచ్ ఒకటి తెచ్చి, రెండో మోడల్ మెషిన్‌కీ గోడలోని సాకెట్‌కీ మధ్య పెట్టండి. దానికి కరెంటు ఇచ్చి ఒక నిమిషం ఆగి అప్పుడు మెషిన్ ఆన్ చేయండి. పెద్ద స్విచ్ వైపు లింకు ఎప్పుడూ లేచే ఉంటుంది కాబట్టి 30 సెకన్ల ఆట ఉండదు. మొదటిసారికే లేచిందా, దొంగ దొరికినట్టే.

తీగలమనిషి | మంగళవారం, మధ్యాహ్నం 1.15

మధ్యలో దూరుతున్నందుకు మన్నించండి, కొంచెం ఇలాంటిదే. మా శాఖ ఆఫీసులో థిన్ క్లయింట్లు ప్రధాన ఆఫీసు సర్వర్ నుంచి టన్నెల్ (రెండు ఆఫీసుల నెట్‌వర్క్‌లను కలిపే దారి) మీదుగా బూట్ కావాలి. అడ్రస్ వస్తుంది, ఫైలు పేరు వస్తుంది, డౌన్‌లోడ్ మొదలవుతుంది, అక్కడే బిగుసుకుపోతుంది. ప్రధాన ఆఫీసులో అవే మెషిన్లు బాగా లేస్తాయి. ఫైర్‌వాల్‌లో 69 తెరిచే ఉంది.

ప్యాకెట్_పిట్ట | మంగళవారం, మధ్యాహ్నం 1.50

తీగలమనిషి గారూ, రెండు చూడండి. టీఎఫ్‌టీపీలో 69 తలుపు తట్టడానికి మాత్రమే. సర్వర్ జవాబు ఇచ్చేది వేరే పోర్టు నుంచి, ప్రతి బదిలీకీ అది మారుతుంది. 69 ఒక్కటే తెరిస్తే ఫైర్‌వాల్ ఆ జవాబును పరాయిదనుకుని పడేస్తుంది. కానీ మీకు డౌన్‌లోడ్ మొదలైందంటే ఆ గండం దాటినట్టుంది, నా అనుమానం రెండోదాని మీద.

టీఎఫ్‌టీపీ పుట్టినప్పుడు ఒక్కో ముక్క 512 బైట్లు. తర్వాత ముక్క సైజు పెంచుకునే వెసులుబాటు వచ్చింది, యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) క్లయింట్లు చాలావరకు 1468 అడుగుతాయి. లెక్క వేయండి: ఐపీ హెడర్ 20, యూడీపీ 8, టీఎఫ్‌టీపీ 4, మొత్తం 32. 1468కి 32 కలిపితే సరిగ్గా 1500. మామూలు ఈథర్‌నెట్‌లో ఇది అంచుల దాకా నిండి సరిపోతుంది. టన్నెల్ తన హెడర్ తను కలుపుకునేసరికి పొంగిపోతుంది. ముక్కలు చేసి పంపితే వాటిని దారిలో ఎవరో పడేస్తున్నారు, లేదా రోమ్ వాటిని కలుపుకోలేకపోతోంది. సైజు ఎంతో మాట్లాడుకునే చిన్న ప్యాకెట్లు వెళ్తాయి, మొదటి పెద్ద ముక్క దగ్గర ఆగుతుంది. మీది డీఎన్ఎస్‌మాస్క్ అయితే టీఎఫ్‌టీపీ-నో-బ్లాక్‌సైజ్ పెట్టి ఒకసారి చూడండి. 512కి దిగిపోతుంది, నిదానంగానైనా పోతుంది. పోయిందంటే కారణం ఇదే, అప్పుడు టన్నెల్‌కి సరిపడా ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) తగ్గించుకోవచ్చు.

512 దగ్గరే వదిలేయకండి. ముక్కల నంబరు 16 బిట్లే కాబట్టి, నంబరు మళ్లీ సున్నాకి తిరగడం తెలియని క్లయింట్లతో 32 ఎంబీ దాటిన ఫైలు వెళ్లదు. ఇప్పటి ఇనిట్‌ఆర్‌డీలు (లైనక్స్ లేవడానికి మొదట దించుకునే ఫైళ్ల మూటలు) అంతకంటే పెద్దవే. కెర్నెల్, ఇనిట్‌ఆర్‌డీలను ఐపీఎక్స్ఈ ద్వారా హెచ్‌టీటీపీలో ఇవ్వగలిగితే ఈ గొడవే ఉండదు. టీసీపీ కాబట్టి దారి దూరమైనా చాలా వేగంగా వస్తాయి.

ల్యాబ్_బాధ్యుడు | మంగళవారం, సాయంత్రం 4.30

పాతకాపు గారూ, దొరికింది!

చిన్న స్విచ్ 31వ సీటు దగ్గర పెట్టాను. రెండో మోడల్ మెషిన్ మొదటిసారికే, చుక్క కూడా పడకుండా లేచింది. తీసేసి గోడకు నేరుగా పెడితే మళ్లీ ఈ51. మూడుసార్లు అటూ ఇటూ చేసి చూశాను, మూడుసార్లూ అంతే. తర్వాత ర్యాక్ దగ్గర కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఒకరిని మెషిన్ ఆన్ చేయమన్నాను. పోర్టు దీపం నారింజ రంగులో వెలిగింది. 10, 20, 29... 30కి పచ్చగా మారింది. అదే సమయంలో సర్వర్‌లో టీసీపీడంప్ చూస్తే పాత మోడల్ మెషిన్ పంపిన మొదటి మూడు డిస్కవర్‌లు (అడ్రస్ అడిగే ప్యాకెట్లు) అసలు కనిపించనే లేదు, నాలుగోది ఒక్కటే వచ్చింది. రెండో మోడల్‌ది ఒక్కటీ రాలేదు.

ఒక సందేహం. లైనక్స్ లోడయ్యాక కూడా మధ్యలో ఇంకో అర నిమిషం నల్ల తెర ఉంటోంది. ఇమేజ్ బరువెక్కిందేమో అనుకున్నాను.

పాతకాపు | మంగళవారం, సాయంత్రం 5.02

అదీ ఇదే. లైనక్స్ డ్రైవర్ లేచేటప్పుడు నెట్‌వర్క్ కార్డును రీసెట్ చేస్తుంది. లింకు పడి లేస్తుంది, స్విచ్ మళ్లీ మొదటి నుంచి 30 సెకన్లు లెక్కపెడుతుంది. మీరు అన్‌డీఐఓన్లీ వాడుతున్నారు కాబట్టి మధ్యలో ఐపీఎక్స్ఈ దశ గట్టెక్కుతోంది, అది రోమ్ తెచ్చిన లింకుతోనే నడుస్తుంది. సొంత డ్రైవర్లున్న ఐపీఎక్స్ఈ అయితే అక్కడా ఇంకో 30 పడేది.

థిన్ క్లయింట్లున్న పోర్టులన్నింటినీ ఎడ్జ్ పోర్టులుగా (30 సెకన్లు ఆగకుండా వెంటనే తెరుచుకునేవి) మార్చండి. కొన్ని స్విచ్‌లలో దీన్నే పోర్ట్‌ఫాస్ట్ అంటారు. దయచేసి స్పానింగ్ ట్రీని మొత్తంగా ఆపేయకండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు, ఒక్క కేబుల్ తప్పుగా తగిలితే ల్యాబ్ మొత్తం కూలుతుంది. ఎడ్జ్ చేసిన ప్రతి పోర్టుకీ బీపీడీయూ గార్డ్ (స్పానింగ్ ట్రీ ప్యాకెట్ లోపలికి వస్తే పోర్టును మూసేసేది) కూడా పెట్టండి. సర్వర్ పోర్టుకీ ఎడ్జ్ పెట్టొచ్చు. వేరే స్విచ్‌కి వెళ్లే పోర్టుకి మాత్రం పెట్టకూడదు.

ఇక రెండో రోగం. చివర్లో ఆన్ చేసిన మెషిన్లే పోతున్నాయంటే అడ్రస్‌లు అయిపోతున్నాయేమో. లాగ్‌లో "నో అడ్రస్ అవైలబుల్" అని ఉందా? మీ రేంజి ఎంత?

ల్యాబ్_బాధ్యుడు | మంగళవారం, సాయంత్రం 5.40

ఉంది! చాలా లైన్లున్నాయి. రేంజి 100 నుంచి 220 దాకా, అంటే 121 అడ్రస్‌లు. 42 మెషిన్లకి 121 ఎలా చాలవు? ప్రింటర్లు, శిక్షకుల ల్యాప్‌టాప్‌లు అన్నీ కలిపినా ఓ పన్నెండు.

ప్యాకెట్_పిట్ట | మంగళవారం, సాయంత్రం 6.15

లీజుల ఫైలు (ఎవరికి ఏ అడ్రస్ ఎప్పటిదాకా ఇచ్చారో రాసి ఉండేది) తెరిచి ఒకే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు) ఎన్నిసార్లు ఉందో చూడండి. మీరు పంపిన క్యాప్చర్‌లో 8వ సీటు మెషిన్ ఒక్కటే మూడు అడ్రస్‌లు తీసుకుంది: 131, 132, 133. బూట్ రోమ్ తన గుర్తింపుగా మెషిన్ యూయూఐడీ పంపింది. ఐపీఎక్స్ఈ మ్యాక్ పంపింది. లైనక్స్ ఇనిట్‌ఆర్‌డీ డీయూఐడీ అనే ఇంకో గుర్తింపు పంపింది. డీహెచ్‌సీపీ సర్వర్ దృష్టిలో గుర్తింపు మారితే మనిషే మారినట్టు. ముగ్గురు వచ్చారనుకుని మూడు ఇచ్చింది, పాత రెండూ ఎవరూ వాడకుండానే లీజు తీరేదాకా అలా పడి ఉంటాయి. 39 మెషిన్లకి మూడేసి చొప్పున 117, ఆ కొత్త మూడూ రోమ్ దశ దాటడం లేదు కాబట్టి 3, మిగతావి 12. మొత్తం 132 కావాలి, ఉన్నవి 121. పదకొండు తక్కువ. నాలుగైదు మెషిన్లు ఆగిపోవడానికి లెక్క సరిపోయింది.

అయితే ఇది స్విచ్ వల్ల రాదు. శనివారం ఇంకేమైనా మార్చారా?

ల్యాబ్_బాధ్యుడు | మంగళవారం, రాత్రి 7.05

మేడం, మార్చాం. ల్యాబ్ ఎలాగూ మూసి ఉంది కదా అని క్లయింట్ ఇమేజ్ కూడా కొత్త వెర్షన్‌కి తీసుకెళ్లాం. పాడైన మూడు మెషిన్ల స్థానంలో కొత్తవి పెట్టిందీ ఆ రోజే. స్విచ్ ఒక్కటే పెద్ద మార్పు అనిపించి మిగతావి మొదట రాయలేదు. మీ సమయం వృథా చేశాను, క్షమించండి.

పాతకాపు | మంగళవారం, రాత్రి 7.30

పర్లేదండీ, అందరం చేసేదే. పాత ఇమేజ్ మ్యాక్‌నే గుర్తింపుగా పంపేది, ఐపీఎక్స్ఈ తీసుకున్న అడ్రస్సే దానికీ దొరికేది. మెషిన్‌కి రెండు చొప్పున గడిచిపోయింది. డీఎన్ఎస్‌మాస్క్‌లో డీహెచ్‌సీపీ-ఇగ్నోర్-సీఎల్ఐడీ అని ఒక లైను రాస్తే ఈ గుర్తింపులన్నీ పక్కనపెట్టి మ్యాక్‌నే చూస్తుంది, మెషిన్‌కి ఒకటే అడ్రస్. మీ వెర్షన్ మరీ పాతదై ఆ లైనును ఒప్పుకోకపోతే రేంజి పెంచి లీజు సమయం తగ్గించండి.

మూడో రోగం తేలికే. కొత్త మెషిన్లు యూఈఎఫ్ఐలో లేస్తాయి. మీరు అందరికీ అన్‌డీఐఓన్లీ.కేపీఎక్స్ఈ ఇస్తున్నారు, అది పాత బయోస్ కోసం చేసిన ఫైలు. యూఈఎఫ్ఐ దాన్ని బుద్ధిగా దించుకుంటుంది, "విజయవంతం" అంటుంది, నడపబోతే తనకు తెలిసిన ఫైలు కాదు కాబట్టి నోరు మెదపకుండా మెనూకి వెళ్లిపోతుంది. క్లయింట్ అడిగేటప్పుడే డీహెచ్‌సీపీ ఆప్షన్ 93లో తనేమిటో చెబుతుంది. 0 అంటే బయోస్, 7 అంటే 64 బిట్ యూఈఎఫ్ఐ, కొన్ని 9 కూడా పంపుతాయి. దాన్ని బట్టి ట్యాగ్ వేసి, 0కి ఇప్పుడున్న ఫైలు, 7కీ 9కీ యూఈఎఫ్ఐ కోసం చేసిన ఐపీఎక్స్ఈ ఫైలు ఎస్ఎన్‌పీఓన్లీ.ఈఎఫ్ఐ ఇవ్వండి.

ల్యాబ్_బాధ్యుడు | బుధవారం, ఉదయం 9.50

ముందు చెప్పాల్సింది: ఈ రోజు ఉదయం 39 ఒకేసారి ఆన్ చేశాం, 38 లేచాయి. నల్ల తెర కూడా పోయింది. లీజుల ఫైలులో ఒక్కో మ్యాక్ ఒక్కసారే ఉంది. నాకైతే పండగలా ఉంది.

కొత్త మూడూ ఇంకా లేవలేదు. ఆప్షన్ 93 ట్యాగులు పెట్టాక ఇప్పుడు "సెక్యూరిటీ వయొలేషన్" అంటున్నాయి. ఆగిపోయిన ఆ ఒక్కటి 17వ సీటుది, అది నెట్‌వర్క్ బూట్ ప్రయత్నమే చేయడం లేదు.

తీగలమనిషి | బుధవారం, ఉదయం 10.20

17 గురించి నేను చెప్పగలను. సెటప్‌లోకి వెళ్లి తేదీ చూడండి. ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తే మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. కరెంటు తీసిన ప్రతిసారీ సెట్టింగులు పుట్టినప్పటి స్థితికి పోతాయి, నెట్‌వర్క్ బూట్ ఆఫ్ అయిపోతుంది. ల్యాబ్‌లో రాత్రి మెయిన్ ఆపేస్తారు కదా, అందుకే ఉదయం పూటే కనిపిస్తుంది.

ప్యాకెట్_పిట్ట గారూ, మాది మీరన్నదే. నో-బ్లాక్‌సైజ్ పెట్టగానే కదిలింది. ఎంటీయూ తగ్గించి పెద్ద ఫైళ్లను హెచ్‌టీటీపీకి మార్చేశాం. రుణపడి ఉంటాం.

ప్యాకెట్_పిట్ట | బుధవారం, ఉదయం 10.45

సంతోషమండీ.

ల్యాబ్ బాధ్యుడు గారూ, ఆ వయొలేషన్ నమ్మకమైన సంతకం లేని ఫైళ్లను అడ్డుకునే సెక్యూర్ బూట్‌ది. మీరిచ్చిన ఐపీఎక్స్ఈ ఫైలుకి అది నమ్మే సంతకం లేదు. ల్యాబ్ వరకు ఆ మూడింటిలో సెక్యూర్ బూట్ ఆపేస్తే సరిపోతుంది. ఆపకూడదన్న నియమం ఉంటే, సంతకం ఉన్న షిమ్ ఫైలును మొదటి బూట్ ఫైలుగా ఇచ్చి, లైనక్స్‌ను లోడ్ చేసే గ్రబ్ ఫైలును అదే ఫోల్డర్‌లో ఉంచండి. షిమ్ దాన్ని అక్కడే వెతుక్కుంటుంది, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా దొరకదు.

ల్యాబ్_బాధ్యుడు | శుక్రవారం, ఉదయం 11.25

42కి 42. వరుసగా రెండో రోజు. 17లో తేదీ నిజంగానే ఎన్నో ఏళ్ల వెనక ఉంది, బ్యాటరీ మార్చాను. కొత్త మూడింటిలో సెక్యూర్ బూట్ ఆపాం.

పాతకాపు గారూ, ఒక సంగతి మీకు చెప్పాలి. ఈ రోజు మధ్యలో 22వ సీటు పోర్టు, దాని పక్కనున్న ఖాళీ సాకెట్ పోర్టు రెండూ ఒకేసారి మూసుకుపోయాయి. మళ్లీ మొదటికొచ్చిందనుకుని గుండె జారింది. స్విచ్ లాగ్ చూస్తే బీపీడీయూ గార్డ్ అని ఉంది. వెళ్లి చూస్తే, బల్ల కింద గోడలోని రెండు సాకెట్లకూ ఒకే కేబుల్ రెండు కొసలూ పెట్టేసి ఉంది. ఎవరో మెషిన్ వైపు కొసను ఊడదీసి, వేలాడకుండా ఖాళీగా ఉన్న పక్క సాకెట్‌కి తగిలించారు. మిగతా 41 మెషిన్లలో క్లాసు ఒక్క క్షణం కూడా ఆగలేదు. కేబుల్ సరిచేసి, రెండు పోర్టులనూ మళ్లీ తెరిచాను.

పాతకాపు | శుక్రవారం, మధ్యాహ్నం 12.10

అదే స్పానింగ్ ట్రీ ఆపేసి ఉంటే ఈ పాటికి 42 తెరలూ నల్లగా ఉండేవి. ఆ ఖాళీ సాకెట్లను మూతలతో మూసేయండి.